రిస్క్ మొదటి పాఠం కావాలి

ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) ట్రేడింగ్ చేసేవాళ్లు బ్రోకర్ యాప్ తెరవగానే ఒక హెచ్చరిక కనబడుతుంది. ఈక్విటీ డెరివేటివ్స్‌లో, అంటే షేర్లు, సూచీల ధర మీద ఆధారపడిన ఒప్పందాల్లో, ప్రతి పదిమంది వ్యక్తిగత ట్రేడర్లలో తొమ్మిదిమంది నష్టపోయారన్నది దాని సారాంశం. 2023 జులై నుంచి బ్రోకర్లందరూ దీన్ని చూపించి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. చదివానని ఒప్పుకుంటే తప్ప తర్వాతి స్క్రీన్ రాదు. కాబట్టి అందరూ ఒప్పుకుని ముందుకు వెళ్తున్నారు.

2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం చూస్తే, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలోకి దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులు కలుపుకుని పోయిన మొత్తం రూ. 1.8 లక్షల కోట్ల పైమాటే. 2025 జులైలో వచ్చిన తర్వాతి అధ్యయనంలో 2024-25 ఒక్క ఏడాది నష్టమే రూ. 1.05 లక్షల కోట్లు దాటింది. అంటే హెచ్చరిక పెట్టాక కూడా నష్టం పెరుగుతూనే పోయింది.

ఈ అంకెలు వచ్చినప్పుడల్లా ఆఫీసులో, టీవీ చర్చల్లో వినబడే మాట ఒకటే. జనానికి అవగాహన లేదు, చదువు చెప్పాలి అని. నాకు ఈ మాట మీదే పేచీ ఉంది. డెరివేటివ్స్ గురించి ఇవాళ ఫోన్‌లో దొరికినంత చదువు ఇదివరకెప్పుడూ దొరకలేదు. తెలుగులోనే ఎన్ని యూట్యూబ్ చానళ్లు, ఎన్ని టెలిగ్రామ్ గ్రూపులు, ఎన్ని వారాంతపు ఆన్‌లైన్ కోర్సులు! చదువుకి కరువేమీ లేదు. ఆ చదువులో రిస్క్‌ను ఎక్కడ పెడుతున్నారన్నదే నా ప్రశ్న. ఎక్కువచోట్ల అది ఆఖరి పది నిమిషాల్లో వస్తోంది. అలా చెప్పే పాఠం కంటే అసలు పాఠం లేకపోవడమే మేలు అనేంతవరకు వెళ్లింది నా అభిప్రాయం. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

నేను హైదరాబాద్‌లో మందులు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సరుకు ఇవాళ పంపితే డాలర్లు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా రూపాయి విలువ ఎటు పోతుందో తెలియదు కాబట్టి తర్వాతి తేదీకి డాలరు రేటును ఇప్పుడే ఖాయం చేసే ఫార్వర్డ్ కాంట్రాక్టును బ్యాంకుతో చేసుకుంటాం. కాబట్టి డెరివేటివ్స్ అంటే నాకు మొదటినుంచీ టెన్షన్ తగ్గించుకునే సాధనమే. అదే పేరు మా ఇంట్లో పిల్లల నోట వినబడేసరికి దానికి పూర్తిగా వేరే అర్థం ఉంది. వాళ్లకి అది మంగళవారం ఎక్స్‌పైరీ, అంటే ఆ వారం కాంట్రాక్టుల గడువు ముగిసే రోజు.

ఐఐటీ రూర్కీ పాఠాలు

ఆఫీసులో వాడే పద్ధతుల వెనక ఉన్న లెక్కలు సరిగ్గా తెలుసుకోవాలని, ఐఐటీల పాఠాలను ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ రూర్కీ వారి ఫైనాన్షియల్ డెరివేటివ్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరాను. వారం వారం వీడియోలు, అసైన్‌మెంట్లు, చివర్లో సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్ష. పాఠాలు వినడానికి ఫీజు లేదు, పరీక్షకు మాత్రమే కట్టాలి.

ఈ పాఠాల్లో హంగు ఏమీ ఉండదు. ప్రొఫెసర్, స్లయిడ్లు, సూత్రాలు, అంతే. మార్కెట్ రేపు ఎటు పోతుందన్న మాటే రాదు. ఫార్వర్డ్ ధర ఎలా వస్తుంది, ఎక్స్ఛేంజీలో కొని అమ్మే అలాంటి ఒప్పందాలైన ఫ్యూచర్స్‌లో రోజువారీ సెటిల్‌మెంట్ (లాభనష్టాలు ఏరోజుకారోజు తేల్చడం) ఏం చేస్తుంది, హెడ్జ్ (ధర మార్పు నుంచి రక్షణ) చేశాక కూడా మిగిలిపోయే రిస్క్ ఏమిటి అని నిదానంగా చెప్పుకుంటూ పోతారు. ఆప్షన్ల ధర లెక్కగట్టే బ్లాక్-షోల్స్ సూత్రానికి వచ్చేసరికి దాని వెనక ఉన్న ఊహలు ఏమిటో, వాటిలో నిజజీవితంలో నిలవనివి ఏవో కూడా తెలుస్తాయి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని వింటూ, ఆపి, కాగితం మీద లెక్క వేసి, మళ్లీ వినాల్సి వచ్చేది. కొన్ని పాఠాలు రెండోసారి వింటే గానీ పట్టుబడలేదు.

అందులో నన్ను బాగా పట్టుకున్నది రోజువారీ మార్జిన్ (కాంట్రాక్టు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన నగదు) సంగతి. మాది ఆర్మూర్ వైపు ఊరు, మా అన్నయ్య పసుపు పండిస్తాడు. నిజామాబాద్ పసుపుకి ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో ఫ్యూచర్స్ ఉన్నాయి. ఒక లాట్ అంటే 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. పంట ఇంకా చేతికి రాకముందే క్వింటాల్ రూ. 14,000 చొప్పున ఒక లాట్ ఫ్యూచర్స్ అమ్మి ధర ఖాయం చేసుకున్నాడు అనుకుందాం. తర్వాత ధర 16,000కి పెరిగింది. చివరికి లెక్క సరిపోతుంది, ఎందుకంటే పంట ఎక్కువ ధరకి అమ్ముడుపోతుంది. కానీ పంట అమ్ముడుపోయేది తర్వాతెప్పుడో. ఫ్యూచర్స్ నష్టం మాత్రం క్వింటాల్‌కి 2,000 చొప్పున లక్ష రూపాయలు రోజురోజుకీ నగదుగా కట్టాలి. అది కట్టలేకపోతే పొజిషన్ మూసేస్తారు. ఆ మర్నాడే ధర పడిపోయినా ఇక చేయగలిగింది లేదు. రిస్క్ తగ్గించుకోవడానికి చేసిన పనే మనిషిని నగదు లేక ముంచగలదన్నమాట.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1993లో మెటాల్‌గెసెల్‌షాఫ్ట్ అనే జర్మన్ కంపెనీకి సరిగ్గా ఇదే జరిగింది. దాని అమెరికా శాఖ ఏళ్ల తరబడి ఒకే ధరకి ఇంధనం సరఫరా చేస్తానని కస్టమర్లకు మాటిచ్చి, ఆ రిస్క్‌ను దగ్గరి నెలల చమురు ఫ్యూచర్స్ కొని హెడ్జ్ చేసుకుంది. చమురు ధర పడింది. ఫ్యూచర్స్ మీద నష్టం వెంటనే కట్టాలి, లాభం మాత్రం ఏళ్ల తర్వాత వస్తుంది. దాదాపు 130 కోట్ల డాలర్లు పోయాయి. ఆ హెడ్జ్ తప్పా, దాన్ని మధ్యలో ఆపేయడం తప్పా అని ఆర్థికవేత్తలు ఆ తర్వాత చాలాకాలం వాదించుకున్నారు.

తెలుగులో డెరివేటివ్స్ నేర్పుతామనే వీడియోలు నేను వరసపెట్టి చూశాను. నేను చూసినవాటిలో ఎక్కడా ఈ సంగతి రాలేదు.

డెమో క్లాసు

ఇక రెండో రకం చదువు. మా అన్నయ్య కొడుకు బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లోనే చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అత్తమ్మా, గీ కోర్సుల చేరుదామనుకుంటున్న. నువ్వొకసారి విని చెప్పవా?" అన్నాడు. ఆప్షన్ సెల్లింగ్ మీద ఆన్‌లైన్ కోర్సు. ఫీజు ముప్ఫై వేలు. ముందు ఒక ఉచిత డెమో క్లాసు. వాడితోపాటు కూర్చుని మొత్తం విన్నాను.

చెప్పే మనిషి తెలివైనవాడే. మాట్లాడే తీరు బాగుంది, తెలుగు చక్కగా ఉంది, కాల్ (ఒక ధరకి కొనే హక్కు) అంటే ఏమిటి, పుట్ (ఒక ధరకి అమ్మే హక్కు) అంటే ఏమిటి, టైమ్ డికే (గడువు దగ్గరపడేకొద్దీ ఆప్షన్ విలువ తరగడం) ఎలా పనిచేస్తుంది అన్నవి మా ప్రొఫెసర్ కంటే సులువుగా చెప్పాడు. ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత అసలు విషయానికి వచ్చాడు. ఎక్స్‌పైరీకి కొన్ని రోజుల ముందు ఒకే స్ట్రైక్ (ఆప్షన్‌లో రాసుకున్న ధర) దగ్గర కాల్, పుట్ రెండూ అమ్మి ప్రీమియం (ఆప్షన్‌కి వచ్చే వెల) తీసుకోవడం. దాన్ని స్ట్రాడిల్ అంటారు. మార్కెట్ పెద్దగా కదలకపోతే ఆ డబ్బు మనదే. చాలా వారాలు మార్కెట్ పెద్దగా కదలదు కాబట్టి చాలా వారాలు మనదే. ఆ తర్వాత వరసగా లాభాల స్క్రీన్‌షాట్లు చూపించాడు.

చాట్‌లో ఎవరో అడిగారు, ఒక్కసారిగా గ్యాప్ డౌన్ అయితే, అంటే మార్కెట్ నిన్నటి ముగింపు కంటే బాగా కింద తెరుచుకుంటే, ఏం చేయాలి అని. "స్టాప్‌లాస్ పెట్టుకోవాలి, డిసిప్లిన్ ఉండాలి" అని జవాబు వచ్చింది. వెంటనే తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు.

2020 మార్చి 23న నిఫ్టీ సూచీ మొదలవడమే అంతకుముందు ట్రేడింగ్ రోజు ముగింపు కంటే దాదాపు 9 శాతం కింద మొదలైంది. కాసేపటికే 10 శాతం దగ్గర సర్క్యూట్ పడి 45 నిమిషాలు ట్రేడింగ్ ఆగిపోయింది. రోజు ముగిసేసరికి 13 శాతం పతనం. స్టాప్‌లాస్, అంటే ఫలానా ధర తగలగానే బయటపడమని ముందే పెట్టే ఆర్డర్, ఆ ధర దగ్గర కొనేవాడు, అమ్మేవాడు ఉంటేనే పనిచేస్తుంది. రాత్రికి రాత్రి ధర దాని మీదుగా దూకేస్తే, పొద్దున ఎంతకి దొరికితే అంతకే బయటపడాలి. ఆ చాట్ ప్రశ్న అడిగిన మనిషికి రావాల్సిన జవాబు ఇదీ. ఆ ఒక్క ప్రశ్న మీద అరగంట గడిపి ఉంటే ఆ క్లాసుకి నేనే నమస్కారం పెట్టేదాన్ని.

డెమో అయ్యాక మా అల్లుడితో కాగితం మీద లెక్క వేయించాను. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం, లాట్ 75 అనుకుందాం, స్ట్రాడిల్‌కి మొత్తం 300 పాయింట్ల ప్రీమియం వచ్చిందనుకుందాం. చేతికి వచ్చేది 22,500. అంతకన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు. ఇప్పుడు ఎక్స్‌పైరీ లోపు 6 శాతం కదలిక వచ్చిందనుకో. 1,500 పాయింట్లు. అందులోంచి 300 తీసేస్తే 1,200. దాన్ని 75తో గుణిస్తే నష్టం 90,000. నాలుగు వారాల పూర్తి లాభం ఒక్కరోజులో పోయింది. 6 శాతం ఎక్కడిది అంటావేమో, 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు నిఫ్టీ 5.93 శాతం పడింది. ఆ ముందురోజే ఎగ్జిట్ పోల్స్ చూసుకుని 3 శాతానికి పైగా పెరిగింది. అదే 2020 మార్చి నాటి 13 శాతం పెట్టి చూస్తే నష్టం 2,21,250. వాడి జీతంతో పోల్చి చూడమన్నాను.

కాగితం వంక కాసేపు చూసి వాడు అడిగిన ప్రశ్న, "గట్లయితే ఈ లెక్క ఆయన ఎందుకు చెప్పలే?"

నేను చెప్పిన జవాబు వాడికి అంతగా నచ్చలేదు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. కానీ పాఠం చెప్పేవాళ్ల ఆదాయం పాఠం తర్వాత జరిగే ట్రేడ్‌తో ముడిపడి ఉన్నప్పుడు, కోర్సు ఫీజు కావచ్చు, డీమ్యాట్ ఖాతా లింకు మీద వచ్చే కమిషన్ కావచ్చు, ట్రేడ్ చేయాలన్న ఉత్సాహాన్ని తగ్గించే లెక్క ముందు చెప్పడం ఎవరికైనా కష్టమే. 2024 అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. ఆ మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లు ట్రేడింగ్ ఖర్చుల కిందే దాదాపు రూ. 50,000 కోట్లు కట్టారు. అందులో సగం బ్రోకరేజీ. వాళ్లు గెలిచినా ఓడినా ఆ డబ్బు కదులుతూనే ఉంటుంది.

సెబీ ఈ మధ్య దీనిమీద గట్టిగానే పట్టింది. నమోదుకాని సలహాదారులతో బ్రోకర్లు సంబంధాలు పెట్టుకోకూడదంది. విద్య పేరుతో పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడకూడదని 2025 జనవరిలో సర్క్యులర్ ఇచ్చింది. అంటే పాఠం పాఠంగానే ఉండాలి, ఇవాళ్టి టిప్ కాకూడదు అని. మంచి నియమం. కానీ మూడు నెలల పాత చార్టుతో కూడా స్ట్రాడిల్‌ను అందంగా చూపించవచ్చు. నియమం ధరల తేదీని పట్టుకుంది గానీ పాఠం వరసను పట్టుకోలేదు.

నీళ్లలోకి దిగకుండా ఈత వస్తుందా?

నా వాదన విన్నవాళ్లు వెంటనే వేసే ప్రశ్న ఇది. మా ఆఫీసులో ఒక సహోద్యోగి సూటిగానే అన్నారు. "మీరు ఎన్ని లెక్కలు వేసినా సొంత డబ్బు పోతుంటే వచ్చే భయం ఎలా ఉంటుందో పుస్తకంలో తెలియదు. చిన్న మొత్తంతో దిగి నేర్చుకోవడమే అసలు చదువు."

ఈ మాటలో నిజం ఉంది. నష్టంలో ఉన్న పొజిషన్‌ను మూయడానికి చెయ్యి రాకపోవడం, పోయింది వెంటనే రాబట్టాలని ఇంకో రెండు లాట్లు పెట్టడం, ఇవి డబ్బు పెట్టకుండా ఉత్తుత్తిగా చేసే పేపర్ ట్రేడింగ్‌లో అనుభవానికి రావు. కానీ ఈతకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఈత నేర్చుకునేవాళ్లు లోతు తెలిసిన చోట దిగుతారు. ఇక్కడ చిన్న మొత్తంతో దిగడమనేదే దాదాపు లేదు. సెబీ 2024 అక్టోబరు సర్క్యులర్ తర్వాత ఇండెక్స్ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలి. ఆప్షన్ కొనేవాళ్లు పోగొట్టుకునేది ప్రీమియం వరకే. అమ్మేవాళ్లకి ఆ హద్దు లేదు. పైగా మార్కెట్ నేర్పే పాఠం నిదానంగా రాదు. చాలా వారాలు లాభం ఇచ్చి నువ్వు చేస్తున్నది సరైందేనని నమ్మిస్తుంది. 6 శాతం రోజు వచ్చేదాకా ఆ నమ్మకం తప్పని అనుభవం చెప్పదు. అనుభవం మీద ఆధారపడేవాళ్లకి ఇదే అతి పెద్ద చిక్కు. అరుదుగా జరిగేదాన్ని జరగకముందే తెలుసుకోవాలంటే చదువు తప్ప దారి లేదు.

అవతలి వైపు ఎవరున్నారన్నది కూడా అనుభవంలో కనబడదు. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో సంస్థల సొంత ట్రేడింగ్ డెస్కులు, విదేశీ ఫండ్లు కలిపి, ఖర్చులు తీయకముందు, దాదాపు రూ. 61,000 కోట్ల లాభం చూశాయి. ఆ లాభాల్లో 96, 97 శాతం అల్గారిథమ్‌లతో ట్రేడ్ చేసే సంస్థలదేనని సెబీ చెప్పింది. ఆఫీసు పనుల మధ్య ఫోన్ చూసుకుంటూ ఆర్డర్ పెట్టే కుర్రవాడు ఎవరితో తలపడుతున్నాడో అతనికి ఎవరూ చెప్పడం లేదు.

మరి చదివినవాళ్లూ మునిగారు కదా

ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆప్షన్ల ధర లెక్కగట్టే పద్ధతికి 1997లో నోబెల్ అందుకున్నవాళ్లు రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్. ఇద్దరూ లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్‌లో భాగస్వాములు. మరుసటి ఏడాదే ఆ ఫండ్ దాదాపు 460 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 14 బ్యాంకులు, బ్రోకరేజీ సంస్థలు కలిసి 360 కోట్ల డాలర్లు పెట్టి దాన్ని ఆదుకోవాల్సి వచ్చింది. వాళ్లకంటే ఎక్కువ ఎవరు చదివారు?

సెబీ అధ్యయనంలోనూ ఇలాంటిదే ఒక విషయం ఉంది. వరసగా నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మళ్లీ ట్రేడింగ్ కొనసాగించారు. తమ నష్టం తమకు తెలియక కాదు కదా. అంటే తెలియడం ఒక్కటే చాలదు. నేను చదువు చదువు అంటున్నప్పుడు ఈ అనుమానం నా పక్కనే ఉంటోంది.

అయినా ఆ ఫండ్ కథలోనే కొంత జవాబు ఉందనిపిస్తుంది. వాళ్లకి ధర లెక్క తెలుసు. దెబ్బతిన్నది అప్పు మోతాదు దగ్గర, అన్ని పొజిషన్లూ ఒకేసారి ఒకే వైపు పోవడం దగ్గర, అమ్ముదామంటే కొనేవాళ్లు లేకపోవడం దగ్గర. ధర లెక్కలో ఆరితేరినా రిస్క్ లెక్క వేరుగా నేర్చుకోవాల్సిందే. 1995లో బేరింగ్స్ బ్యాంకు కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. సింగపూర్‌లో ఆ బ్యాంకు ట్రేడర్ నిక్ లీసన్ నిక్కీ సూచీ మీద స్ట్రాడిల్స్ అమ్ముతూ వచ్చాడు. జపాన్ మార్కెట్ కదలకుండా ఉంటే ప్రీమియం మిగులుతుంది. జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. మార్కెట్ పడింది. నిలబెట్టడానికి అతను ఇంకా ఇంకా ఫ్యూచర్స్ కొన్నాడు. 82.7 కోట్ల పౌండ్లు పోయి, 1762 నాటి బ్యాంకును ఒక పౌండుకి వేరే సంస్థకి అమ్మేశారు. మా అల్లుడు విన్న డెమోలో చూపించిన వ్యూహానికీ దానికీ రూపంలో తేడా లేదు. ట్రేడ్ చేసే చేతికే దాని లెక్కలు చూసే పని కూడా అప్పగించడం బేరింగ్స్ చేసిన పెద్ద తప్పని ఆ తర్వాత అందరూ చెప్పారు. ఇంట్లో ఒంటరిగా ఫోన్‌లో ట్రేడ్ చేసే ప్రతి ఒక్కరూ అదే స్థితిలో ఉన్నారు. ట్రేడర్ తనే, లెక్క చూసుకోవాల్సిన మనిషీ తనే.

పరీక్ష ఎవరికి?

ఎన్‌పీటెల్ పరీక్ష రోజున నా పక్క సీటులో కూర్చున్నది ఇంజనీరింగ్ చదివే అబ్బాయి. క్రెడిట్ల కోసం ఈ కోర్సు తీసుకున్నాడట. బయటికి వచ్చాక మాటల్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మీది ఏ బ్రోకర్?" నేను ట్రేడ్ చేయనంటే నమ్మలేనట్టు చూశాడు. ట్రేడ్ చేయకుండా ఇదంతా ఎందుకు చదివారని అడిగాడు. అతనికి అది నిజంగానే అర్థం కాలేదు. మంచి కోర్సు కూడా ఆ ప్రశ్న దాకా వెళ్లలేదని అప్పుడు అనిపించింది. లెక్కలన్నీ ఉన్నాయి, కానీ నీ జీతంలో, నీ ఇంట్లో ఇది ఎంత అని ఒక్క అసైన్‌మెంటూ అడగలేదు.

బ్రోకర్ ఆఫీసులో డెరివేటివ్స్ ఆర్డర్లు పెట్టే ఉద్యోగి, సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వారి సిరీస్ 8 పరీక్ష పాసవ్వాలి. రెండు గంటల్లో 100 ప్రశ్నలు, 60 శాతం రావాలి, తప్పు జవాబుకి మార్కులు పోతాయి. అదే ఆర్డర్‌ను సొంత డబ్బుతో పెట్టే కస్టమర్‌కి అడిగేది ఆదాయ ధ్రువీకరణ మాత్రమే. కస్టమర్‌కీ ఒక పరీక్ష పెట్టాలన్న వాదన అప్పుడప్పుడు వస్తుంటుంది. నేను సగం ఒప్పుకుంటాను. సగమే ఎందుకంటే, ఆబ్జెక్టివ్ ప్రశ్నలు పెడితే వారంలో జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతాయి. డెల్టా అంటే ఏమిటని అడగడం వల్ల లాభం లేదు. నువ్వు పెట్టబోయే ఈ పొజిషన్ 6 శాతం నీకు ఎదురు తిరిగితే ఎన్ని రూపాయలు పోతాయో నీ చేత్తో రాయి, అది నీ ఎన్ని నెలల జీతమో రాయి అని అడగాలి. ఆ అంకె రాయకుండా ఆర్డర్ పోకూడదు. పదిలో తొమ్మిదిమంది అనే హెచ్చరిక ఇంకెవరి గురించో అనిపిస్తుంది. తన చేత్తో రాసుకున్న అంకె అలా అనిపించదు.

పెద్దవాళ్లు తమ డబ్బుతో తాము చేసుకునేదాన్ని ఇంతగా అడ్డుకోవాలా అని కొందరంటారు. నేను ఆపమనడం లేదు. లెక్క వేసుకున్నాక కూడా దిగుతానంటే అది వాళ్ల నిర్ణయం.

తెలుగులో ఎవరు చెబుతారు?

చివరికి ఇక్కడికే వస్తుంది. ఆ డెమో క్లాసుకి అంతమంది రావడానికి పెద్ద కారణం అది తెలుగులో ఉండటం. ఐఐటీ పాఠాలు ఇంగ్లిష్‌లో, కాలిక్యులస్ తెలిసినవాళ్లకు ఉన్నాయి. డిగ్రీ తెలుగు మీడియంలో చదివి, సాయంత్రాలు ఖాళీగా ఉన్న కుర్రవాడికి అందుబాటులో ఉన్నది ఆ డెమో లాంటి క్లాసే. అందుకే ఆ క్లాసులు చెప్పేవాళ్లని తప్పుపట్టి నేను ఊరుకోలేకపోతున్నాను.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగులో అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు, ఊళ్లలోని స్టడీ సెంటర్లు, సెలవు రోజుల్లో క్లాసులు. ఉద్యోగాలు చేసుకుంటూ, పొలం పనులు చూసుకుంటూ అలా డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లు మన ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. అలాంటి సంస్థ ఏదైనా డెరివేటివ్స్, రిస్క్ మీద ఒక చిన్న తెలుగు సర్టిఫికెట్ కోర్సు పెడితే, ఖాతా లింకులు లేకుండా, స్క్రీన్‌షాట్లు లేకుండా, కాగితం మీద రాసిన జవాబులు దిద్దేవాళ్లతో పెడితే, నేను ఆదివారాలు వెళ్లి అసైన్‌మెంట్లు దిద్దడానికి సిద్ధంగా ఉన్నాను. మాలాంటి పనిలో ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరైనా వస్తారని నా నమ్మకం.

మొదటి వారం అసైన్‌మెంట్ ఏమివ్వాలో కూడా అనుకున్నాను. 2020 ఏప్రిల్ 20. లాక్‌డౌన్ వల్ల మన సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్ సాయంత్రం 5 గంటలకే మూసేస్తున్న రోజులు. ఏప్రిల్ క్రూడ్ (ముడి చమురు) కాంట్రాక్టు చివరి ట్రేడ్ బ్యారెల్ రూ. 965 దగ్గర జరిగింది. మన మార్కెట్ మూసేశాక ఆ రాత్రి అమెరికాలో ధర సున్నా కిందికి జారి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. మన కాంట్రాక్టును మైనస్ రూ. 2,884 దగ్గర సెటిల్ చేశారు. కొందరు బ్రోకర్లు కోర్టుకు వెళ్లారు. అమెరికాలో సీఎంఈ అనే ఎక్స్ఛేంజీ సంస్థ తన చమురు ఆప్షన్ల లెక్కకి, ధర సున్నా కిందికి పోదనే నమూనాను పక్కనపెట్టి, 1900లో పారిస్‌లో లూయీ బాషెలియే తన థీసిస్‌లో వాడిన పద్ధతికి మళ్లింది.

ప్రశ్నలు ఇవి. 965 దగ్గర ఒక లాట్, అంటే 100 బ్యారెళ్లు, కొని ఉంచుకున్న మనిషికి ధర సున్నాకి పడితే పోయేది ఎంత? నిజంగా పోయింది ఎంత? ఆ సాయంత్రం 5 తర్వాత అతని స్టాప్‌లాస్ ఏం చేయగలిగింది? మొదటిదానికి జవాబు 96,500. రెండోదానికి 3,84,900. మూడోదానికి మాత్రం ఒక పేజీ తెలుగులో రాయాలి.